ఎదురు షెడ్డు ఆంజనేయుడు

కొందరికి బీపీ ఉంటుంది, కొందరికి షుగరు ఉంటుంది. నాకు ఎదురు షెడ్డు ఉండేది.

మండపేటలో బియ్యం మిల్లుల వరస దాటాక రోడ్డుకి ఈ పక్కన నా షెడ్డు, ఆ పక్కన సాయిబు గారిది. ఇద్దరిదీ ఒకటే పని. లారీలకి రంగులు వెయ్యడం, బొమ్మలు గీయడం. తొంభైల చివరి మాట ఇది. కొత్త లారీ కొన్నవాళ్లు బాడీ కట్టించగానే మా దగ్గరకే తోలుకొచ్చేవారు. డ్రైవరు నెత్తి మీద పలకకి దేవుడు, పక్క చెక్కలకి తామరపూలు, నెమళ్లు, వెనక తలుపుకి 'నన్ను చూసి ఏడవకు'. ఆ మాట నేను లెక్కలేనన్ని లారీల మీద రాశాను. రాస్తున్నంతసేపూ రోడ్డు అవతలికి చూసి ఏడుస్తూనే ఉండేవాణ్ణి.

నేను బడి మానడానికి కారణం కూడా బొమ్మే. ఏడో తరగతిలో ఉండగా బడి గోడ మీద హెడ్మాస్టారిని బొగ్గుతో గీశాను. బొమ్మ పాడైపోయి ఉంటే బతికిపోయేవాణ్ణి. చాలా బాగా కుదిరింది. దారిన పోయే పాలవాడు కూడా గుర్తుపట్టి, సైకిలు ఆపి నవ్వాడు. మర్నాటి నుంచి బడి నాకు సెలవిచ్చింది. ఆ సెలవు ఇంకా అవలేదు.

మనుషుల్ని దించడం నాకు అలా పుట్టుకతో వచ్చింది. చిక్కల్లా దేవుళ్లతోనే. నేను ఏ దేవుణ్ణి గీసినా ఊళ్లో ఎవరో ఒకరిలా వచ్చేవాడు. వెంకటేశ్వరస్వామిని గీస్తే, రేషన్ డీలరు నామాలు పెట్టుకున్నట్టుందన్నారు. లక్ష్మీదేవిని గీస్తే మా అత్తగారు తామరపువ్వులో కూర్చున్నట్టుందని మా ఆవిడ అన్నం పెట్టింది గానీ మాట్లాడలేదు. లూథరన్ చర్చి పాస్టరు గారి జీపు మీద గొర్రెపిల్లని ఎత్తుకున్న యేసుప్రభువుని గీశాను. పాస్టరు గారు మర్యాదస్తుడు. చాలాసేపు చూసి, "ప్రభువు బాగున్నారండి. గొర్రెపిల్లే కాస్త కరిచేలా ఉంది," అన్నారు. ఆ వారంలోనే జీపు రోడ్డు దాటి ఎదురు షెడ్డులోకి వెళ్లిపోయింది. తిరిగొచ్చాక ఆ గొర్రెపిల్లని చూస్తే నాకే ఎత్తుకోవాలనిపించింది. అదీ నా బాధ.

సాయిబు గారు నాకంటే ఇరవయ్యేళ్లు పెద్ద. బడి గుమ్మం ఎక్కినవాడు కాదు. పేరు పెట్టి పిలిచే అలవాటు ఆయనకి లేదు, నన్ను 'ఏడో క్లాసూ' అనేవాడు. ఏడేళ్లు బడికెళ్లి కూడా ఇలా ఉన్నావంటే ఎంత కష్టపడి ఉంటావో అనేవాడు. ఆయనకి తనంత పనివాడు గోదావరికి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా లేడని నమ్మకం. ఆ నమ్మకం నిజం కావడం నాకు ఇంకా కష్టంగా ఉండేది.

ఒకసారి ఆయన్ని చురుక్కుమనిపిద్దామని, "బొమ్మలు గీయడం మీ వాళ్లలో తప్పు కదండీ?" అన్నాను.

ఆయన కుంచె దులుపుకుంటూ అన్నాడు. "తప్పో ఒప్పో పైవాడూ నేనూ చూసుకుంటాం. నువ్వు గీసేది మాత్రం ఏ మతంలోనూ ఒప్పుకోరు."

దేవుడి బొమ్మకి కళ్లు ఆఖర్న పెడతారు. ఇది మా పనిలో అందరికీ ఉన్న ఆనవాయితీ. నేను ఖాళీ దొరికినప్పుడు పెట్టేసేవాణ్ణి. ఆయన అలా కాదు. కళ్లు పెట్టే రోజున నీచు ముట్టడు. స్నానం చేసి ఉతికిన లుంగీ కట్టుకొచ్చేవాడు. ఆ లారీ తోలబోయే డ్రైవర్ని పిలిపించి ఎదురుగా నిలబెట్టి, పిల్లలెందరు, పెద్దాడు ఏం చదువుతున్నాడు, మళ్లీ ఇంటికి ఎప్పుడు చేరతావు అని కబుర్లు చెబుతూ గీసేవాడు. నేను నా టార్పాలిన్ చిరుగులోంచి చూస్తూ, ముసలాడికి వాగుడెక్కువ అనుకునేవాణ్ణి. బొమ్మ పూర్తయ్యాక డ్రైవరు ఎటు జరిగినా దేవుడు వాడినే చూసేవాడు. కొందరు అక్కడికక్కడ చెప్పులు విప్పేసేవారు. నా బొమ్మ ముందు ఎవడైనా చెప్పు విప్పాడంటే అందులో రాయి దూరినట్టు.

పెనుగొండ షావుకారు ఒకాయన తన లారీకి వాసవీ అమ్మవారిని గీయించుకోవాలని వెతుక్కుంటూ వచ్చాడు. సరిగ్గా నా షెడ్డు ముందు లారీ ఆపించి, సాయిబు గారి షెడ్డు ఎక్కడండీ అని నన్నే అడిగాడు. చూపించాను, ఏం చేస్తాను. ఆ అమ్మవారిని చూసొస్తానని వెళ్లిన మా ఆవిడ కొంగు భుజం మీద కప్పుకుని అక్కడే నిలబడిపోయింది. ఇంటికొచ్చాక నా మొహం చూసి, "మీ రంగులు కూడా గట్టివేనండి, తొందరగా పోవు," అంది. ఆవిడ ఓదార్పు ఆ మాత్రం ఉంటుంది.

ఇంత ఏడుపులోనూ ఇచ్చిపుచ్చుకోవడాలు ఆగలేదు. రంజానుకి వాళ్లింటి నుంచి సేమ్యా పాయసం గిన్నె వచ్చేది. అది కూడా మా ఇంటి పాయసం కంటే బాగుండేది. గిన్నె ఖాళీగా పంపకూడదు కాబట్టి మా ఆవిడ, ఆత్రేయపురం ఆడపడుచు, అందులో పూతరేకులు పెట్టి పంపేది. సాయిబు గారు ఒక చుట్ట విప్పి వెలుతురుకి పట్టి చూసి, "ఇంత పల్చటి రేకు తీసే చేతులు ఇంట్లో పెట్టుకుని, నువ్వు రంగు అంత మందంగా ఎందుకు పూస్తావోయ్?" అన్నాడు.

ఇలా ఉండగా మిల్లు ఆసామి ఒకాయన ఒకేసారి రెండు లారీలు కొన్నాడు. మా ఇద్దరికీ చెరోటి ఇచ్చాడు. రెంటి మీదా సంజీవి కొండ మోసుకొచ్చే ఆంజనేయుడు ఉండాలి, జోడెడ్ల లాగా ఒక్కలా కనపడాలి అన్నాడు. బొమ్మ కింద ఓం, శిలువ, నెలవంక, మూడూ రాయమన్నాడు. ఆయన లారీలన్నింటికీ ఆ మూడూ ఉంటాయి. ఎందుకండీ అంటే, "లారీ అన్నాక ఏ ఊళ్లో టైరు పేలుతుందో తెలీదు. ఆ ఊళ్లో ఏ దేవుడు ముందు నిద్ర లేస్తాడో అంతకంటే తెలీదు. ముగ్గురికీ చెప్పుకుని ఉంటే పోలా?" అన్నాడు.

నాకు ఇన్నాళ్లకి చేతికందిన పోటీ అది. అడ్డమైన జోకులూ మానేశాను. శనివారం ఒంటిపూట ఉన్నాను. చిరుగులోంచి ఆయన్నే చూస్తూ గీశాను. ఆయన తల ఎత్తితే ఎత్తాను, కళ్లు చికిలిస్తే చికిలించాను. పూర్తయ్యేసరికి నా జన్మలో గీయనంత బాగా వచ్చింది. మిల్లు ఆసామి రెండు లారీలనీ పక్కపక్కన పెట్టించి, "ఆయ్, రెండూ బాగున్నాయండి," అన్నాడు. రెండూ. ఆ మాట నేను మూటగట్టి ఇంటికి తీసుకెళ్లాను. మా ఆవిడ మాత్రం నా ఆంజనేయుణ్ణి తల అటూ ఇటూ వాల్చి చూసి, "ఈ మొహం ఎక్కడో చూసినట్టుందండి," అంది. నేను వినిపించుకోలేదు.

ఆ ఏడు పేపర్ల నిండా ఎక్కడెక్కడో మతాల గొడవల్లో తగలబడిన ఇళ్ల ఫొటోలే. మన దగ్గర అలాంటివి లేవులే అనుకుంటూ టీ తాగేవాళ్లం. మెల్లిగా మన టీ కొట్టులోనూ మాటలు మారాయి. వాళ్ల దగ్గర కొనకండి, వాళ్లకి పని ఇవ్వకండి అంటూ కొందరు కుర్రాళ్లు కాగితాలు పంచేవారు. వాళ్లలో ముందుండేవాడు బులెట్టు బండి మీద తిరిగేవాడు. చిన్నప్పుడు నా షెడ్డు చుట్టూ తిరిగినవాడే. ఒక పొద్దున్న వచ్చి నా బల్ల మీద కూర్చున్నాడు.

"మన దేవుణ్ణి వాడు గీయడమేంటి బాబాయ్?"

"నేను గీస్తే మీ మావయ్యలా వస్తున్నాడు కదరా, అందుకు."

వాడు నవ్వలేదు. వాడు నవ్వకపోవడం చూసి నాకు మొదటిసారి భయం వేసింది. ఎదురు షెడ్డు మూతపడితే ఆ పనంతా నీదే కదా అన్నాడు. నువ్వేం చెయ్యక్కర్లేదు, మా పక్కన వచ్చి నిలబడు చాలు అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. అది మంచితనం అని ఎవరూ అనుకోవద్దు. మన పొలం గట్టు మీద పరాయివాడు అరక కట్టినట్టు అనిపించింది.

"చూడబ్బాయ్," అన్నాను. "ఆయన మీద ఏడవడం నా పని. ఇన్నేళ్లుగా నేనొక్కణ్ణే చేస్తున్నాను. ఆయన పసుపులో ఏం కలుపుతాడో నీకు తెలుసా? ఏ రోజు నీచు ముట్టడో తెలుసా? ఆయనకి ఏ దేవుడు బాగా వస్తాడో, ఏ దేవుడు కొంచెం తక్కువ వస్తాడో తెలుసా?"

"తెలుసుకోవలసిన అవసరం ఏముంది?" అన్నాడు వాడు.

నిజమే, వాడికి అవసరం లేదు. ఒకడి మీద ఏడవాలంటే వాడి పని కళ్లారా చూడాలి, రోజూ చూడాలి, అందులో గొప్ప ఎంతో తూకం వెయ్యాలి. వీడికి ఆ శ్రమ ఏమీ లేదు. పేరు తెలిస్తే చాలు.

వాడు వెళ్లగానే రోడ్డు దాటి సాయిబు గారికి చెప్పాను. కొన్నాళ్లు షెడ్డు తియ్యకండి అన్నాను. ఆయన కుంచె కూడా ఆపలేదు. "గీసి గెలవలేక బెదిరించి గెలుద్దామనుకుంటున్నావా ఏడో క్లాసూ?" అన్నాడు. ప్రమాణం చేశాను. దానికీ నవ్వాడు. రోజూ జోకులేసేవాడికి ఇదే తిప్పలు.

శుక్రవారం మధ్యాహ్నం ఆయన నమాజుకి వెళ్లాడు. మిల్లు ఆసామి లారీలకి మర్నాడు పూజ. రెండూ ఆయన షెడ్డు పక్క ఖాళీ స్థలంలో నిలబెట్టి ఉన్నాయి. ఇనప రాడ్లు, పెట్రోలు డబ్బా పట్టుకుని కుర్రాళ్లు గుంపుగా వచ్చారు. సగం మొహాలు నాకు తెలిసినవే. ఆ షెడ్డుది తాటాకు కప్పు. అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినపడిందో లేదో, కప్పు అంటుకుంది. రంగు డబ్బాలు ఒకటొకటే పేలాయి. నీలం, ఎరుపు, పసుపు కలిసి కాలువలో పారాయి.

నేను రోడ్డు దాటేసరికి సాయిబు గారు కూడా మసీదు వైపు నుంచి పరిగెత్తుకొచ్చాడు, తలమీద తెల్ల టోపీ అలాగే ఉంది. వాళ్లని ఏమీ అనలేదు. తిన్నగా కుంచెల పెట్టె కోసం పొగలోకి చెయ్యి పెట్టాడు. ఆ చేతి మీద రాడ్డు పడింది. ఎండు కర్ర విరిగినట్టు చప్పుడైంది. ఆయన చెయ్యి పట్టుకుని నేల మీద కూర్చుండిపోయాడు. నేను అడ్డం వెళ్తే ఎవరో తోశారు, రంగుల కాలువలో పడ్డాను.

అప్పుడు బులెట్టు కుర్రాడు లారీల వైపు తిరిగాడు. సాయిబు చెయ్యి పడ్డ దేవుణ్ణి ఉంచకూడదు, గోకెయ్యండి అన్నాడు. తీరా చూస్తే ఇద్దరు ఆంజనేయులున్నారు. ఏది ఎవరిదో వాళ్లలో ఒక్కడికీ తెలీదు. అందరూ పైకి చూస్తూ నిలబడ్డారు. పక్కన కప్పు కాలుతోంది, వీళ్లు సంతలో ఎడ్లని బేరమాడుతున్నట్టు చూస్తున్నారు.

"ఇది మనోడిదేరా," అన్నాడు ఒకడు, సాయిబు గారి బొమ్మని చూపించి. "ఆ కళ్లు చూడు. భక్తి ఉన్నోడు గీసింది." పక్కవాడు రాడ్డు చంకలో పెట్టుకుని దానికి దణ్ణం పెట్టాడు.

తరవాత నా బొమ్మ వైపు చూశారు. బులెట్టు కుర్రాడు వేలు పెట్టి చూపించాడు. "ఇదే సాయిబుది. అచ్చు వాడి మొహమే పెట్టాడు, చూడండి."

నేను కాలువలోంచి తలెత్తి చూశాను. ఆ చికిలించిన కళ్లు, ఆ కనుబొమల మధ్య మడత, తల ఎత్తిన ఆ పొగరు. మా ఆవిడ ఎక్కడో చూశానన్న మొహం నా ముందే నేల మీద చెయ్యి పట్టుకుని కూర్చుని ఉంది. ఏళ్ల తరబడి చిరుగులోంచి ఆయన్నే చూసి చూసి, ఆయన్నే దించేశాను.

"అది నాదిరా. నేను గీసింది," అని అరిచాను.

"సాయిబుని కాయకు బాబాయ్," అన్నారు. నా జన్మలో బాగా వచ్చిన ఒకే ఒక్క బొమ్మని రాడ్డు అంచుతో కర్ర తేలేదాకా గోకేశారు.

మిల్లు హమాలీలు తడి గోతాలతో పరిగెత్తుకొచ్చారు. మెడలో తాయెత్తు ఉన్నవాడూ, శిలువ ఉన్నవాడూ, ఏమీ లేనివాడూ అందరూ వచ్చారు. బస్తాలు మోసే భుజాలు చూసి కుర్రాళ్లు పారిపోయారు. పాస్టరు గారు జీపు తెచ్చారు. సాయిబు గారిని ఆయన గీసిన గొర్రెపిల్ల పక్కనే ఎక్కించుకుని రాజమండ్రి పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. పోలీసులు తరవాత వచ్చారు. నేను చూసిందంతా, ఎవరెవరో కూడా చెప్పాను. కేసు నడిచింది, నడిచి నడిచి ఎటో వెళ్లిపోయింది.

మర్నాడు ఆసుపత్రికి వెళ్లాను. కుడిచేతికి మోచెయ్యి దాకా పిండికట్టు. మొహం గోడవైపు తిప్పుకుని ఉన్నాడు. జరిగిందంతా వరసగా చెప్పాను. ఆయన మెల్లిగా ఇటు తిరిగాడు.

"నా బొమ్మకి దణ్ణం పెట్టారా?"

"పెట్టారండి."

"నీదాన్ని గోకేశారా?"

"గోకేశారండి. మీలా ఉందని."

"నన్ను ఆంజనేయుణ్ణి చేశావా?"

"మూతి స్వామిదేనండి. కళ్లొక్కటే మీవి."

ఆయనకి నవ్వొచ్చింది. చెయ్యి కదిలి నొప్పెట్టినా ఆపుకోలేకపోయాడు. పక్క మంచాల వాళ్లు లేచి చూశారు. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చాడు. ఆ కుర్రాళ్లలో పలకా సంచీ పట్టుకుని నా షెడ్డు ముందు నుంచి బడికి పోయినవాళ్లున్నారు కదోయ్ అన్నాడు. నేను తలూపాను. ఇంక ఆ ఊళ్లో కుంచె పట్టనన్నాడు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. రోడ్డుకి అటుపక్క ఖాళీగా నల్లగా ఉంటే నేను ఎవరి కేసి చూసి గీయాలి? పనంతా నాకే వచ్చిపడింది, వాడు చెప్పినట్టే. కొందరు వచ్చి ఓం రాయండి, శిలువ రాయండి, నెలవంక మాత్రం వద్దండి అన్నారు. మూడూ కలిపి ఒకటే అచ్చండి, విడదీస్తే రంగు నిలవదండి అని బొంకి మూడూ రాసిపడేశాను. మిల్లు ఆసామి మాత్రం వచ్చి, నా జోడు ఎద్దుల్లో ఒకదానికి మొహం లేదు, ఇద్దరూ కలిసి ఎలా పెడతారో పెట్టండి అన్నాడు.

ఆ మాట పట్టుకుని సాయిబు గారింటికి వెళ్లాను. "మీరు రాకపోతే మళ్లీ మీ మొహమే పెడతానండి," అన్నాను. అది బాగా పనిచేసింది. కట్టు చేత్తోనే వచ్చి నా షెడ్డులో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నేను గీస్తుంటే ఎడంచేత్తో చూపిస్తూ తిట్టాడు. మా నాన్న కూడా నన్ను అంత తిట్టలేదు. కళ్లు పెట్టే రోజున నా నోరు వాసన చూసినంత పని చేసి, డ్రైవర్ని ఎదురుగా నిలబెట్టాడు.

"గీసేటప్పుడు ఎవణ్ణి తలుచుకుంటావు?" అన్నాడు.

"మిమ్మల్నేనండి."

"అదే నీ దరిద్రం. నన్ను ఒదిలెయ్. తోలేవాడు వీడు. వీడు ఇంటికి చేరాలి. అది తలుచుకో."

డ్రైవర్ని పిల్లలెందరని అడిగాను. ఇద్దరండి అన్నాడు. చిన్నదానికి మాటలు రావని చెబుతూ ఆగిపోయాడు. కళ్లు పెట్టాను. సాయిబు గారు చాలాసేపు చూసి, బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. టీ చెప్పించమన్నాడు.

కట్టు విప్పాక చూస్తే మణికట్టు వంకరగా అతుక్కుంది. సన్న కుంచె నిలబడలేదు. ఒకరోజు సామాను సర్దుకుని ఏలూరులో బావమరిది దగ్గరకు వెళ్లిపోయాడు. మిల్లు హమాలీలు సామాను ఎక్కించారు, మా ఆవిడ వాళ్లావిణ్ణి పట్టుకుని ఏడ్చింది. నేను ఒక జోకు వేద్దామనుకున్నాను, రాలేదు. చెయ్యి పోయింది ఆయనది. రోజూ పొద్దున్నే లేచి ఓడిపోవడానికి ఒకడుండే సుఖం పోయింది నాది.

కొన్నేళ్లకి రేడియం స్టిక్కర్లు వచ్చాయి. దేవుళ్లంతా చుట్టలు చుట్టుకుని షాపులకొచ్చారు. గంటలో అంటించేస్తుంటే నా దగ్గరకెవడొస్తాడు? ఏలూరులో ఆ షాపుల్లో బాగా నడిచేది ఎవరిదయ్యా అని వాకబు చేస్తే, వంకర చెయ్యి ముసలాయనదండి అన్నారు. కుంచె లేకుండా కూడా నన్నే ఓడించాడు.

తరవాత ఒకసారి రావులపాలెం టీ కొట్టు ముందు ఒక పాత లారీ ఆగింది. చెక్కలు ఊడాయి, రంగు పెచ్చులు లేచింది, ఇసక తోలుతోంది. చుట్టూ స్టిక్కర్లే. డ్రైవరు నెత్తి మీద పలక మాత్రం పాతదే, సాయిబు గారి ఆంజనేయుడు. చూడగానే చెప్పులు విప్పబోయి ఆగాను. ఎవరైనా చూస్తారని. ఆ కళ్లు ఎటు జరిగినా డ్రైవర్నే చూస్తున్నాయి.

పలకకి స్టిక్కరు వేయించలేదేమని అడిగాను. "ఏలూరు తీసుకెళ్లానండి. షాపు ముసలాయన చూసి, దీనిమీద నేను వెయ్యను, ఇంకెవణ్ణీ వెయ్యనివ్వకు అన్నాడండి."

"దీనికి జోడు లారీ ఒకటుండాలే?"

"ఆయ్, ఉందండి. మా అన్న తోలుతున్నాడు. దానికైతే అడక్కుండానే వేసేశాడండి, ఇంత పెద్దది."

కడుపు భగ్గుమంది. చాలా ఏళ్లయింది అలా మండి. టీ సగంలో వదిలేశాను.

మర్నాడు పొద్దున్నే ఏలూరు బస్సుకి బయల్దేరితే మా ఆవిడ పూతరేకుల పొట్లం చేతిలో పెట్టింది. తగువుకి వెళ్తున్నానే అన్నాను. తెలుసులెండి, నలిగిపోకుండా పట్టుకెళ్లండి అంది.